మూర్త నామాన్ని పట్టించేది క్రియ

కంటికి కనిపించేది, చెవికి వినిపించేది, చేతికి తగిలేది, ముక్కుకు, నాలుకకు తెలిసేది మూర్త నామం. మనసుకు మాత్రమే అందేది అమూర్త నామం. బడి వ్యాకరణంలో ఎక్కువగా కనిపించే నిర్వచనం ఇదే. దీన్నిబట్టి కుర్చీ, రాయి, బస్సు ఒక వైపు చేరతాయి. న్యాయం, ఓపిక, ప్రేమ ఇంకో వైపు చేరతాయి. ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా మధ్యలో నిలిచిపోయే మాటలతోనే వస్తుంది. ఆకలి ఒంటికి తెలుస్తుంది కాబట్టి మూర్తమా? సూక్ష్మజీవి కంటికి ఆనదు కాబట్టి అమూర్తమా? ఉరుము చెవులు దిమ్మెక్కేలా వినిపిస్తుంది, అయినా దాన్ని రాయితో ఒకే గాటన కట్టవచ్చా? రాక్షసుణ్ణి ఎవరూ చూడలేదు, మరి ఆ మాట ఎటు పోవాలి?

విద్యార్థి ఇలా అడిగితే చాలాసార్లు "అది మినహాయింపు" అన్న జవాబు వస్తుంది. మినహాయింపులు ఇన్ని పోగుపడుతున్నాయంటే లోపం ఆ మాటల్లో లేదు, పరీక్షలోనే ఉంది. పంచేంద్రియాల పరీక్ష నామాన్ని వాక్యంలోంచి ఊడబెరికి, ఒంటరిగా నిలబెట్టి చూస్తుంది. తెలుగులో మాత్రం నామం పక్కకు వచ్చే క్రియ, ఆ వాక్యం ఒప్పుకునే ప్రశ్న దాని స్వభావాన్ని చాలావరకు బయటపెడతాయి. విడి మాటను కాక వాక్యాన్ని పరీక్షించడం అలవాటైతే పైన చెప్పిన చిక్కుల్లో ఎక్కువ భాగం విడిపోతుంది.

క్రియ చివర చూస్తే సరిపోదు

ముందుగా ఒక భ్రమ తొలగాలి. తెలుగు వ్యాకరణంలో మూర్తానికీ అమూర్తానికీ విడివిడి ప్రత్యయాలు లేవు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం నామాలను మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) అని విడదీసింది. ఈ విభజనకు ఆధారం మనిషా కాదా, మగా ఆడా అన్నదే తప్ప కనిపిస్తుందా కనిపించదా అన్నది కాదు. అందుకే సీత వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది, కోపం వచ్చింది. నాలుగింటికీ క్రియ చివర ఒక్కటే. బహువచనంలో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి "వచ్చారు" అవుతారు. ఆవులు, బండ్లు, కోపాలు మాత్రం కలిసికట్టుగా "వచ్చాయి" దగ్గరే ఉండిపోతాయి.

సంఖ్యావాచకాల సంగతీ అంతే. ముగ్గురు, నలుగురు అనేవి మనుషులను వేరు చేస్తాయి. మూడు కుర్చీలు, మూడు ఆవులు, మూడు కష్టాలు అన్నప్పుడు తేడా ఏమీ తెలియదు. కర్మకు "ని" చేర్చడం ప్రాణిని జడం నుంచి విడదీస్తుంది. "బస్సు ఆపాడు" అనవచ్చు. "పిల్లవాణ్ణి ఆపాడు" అనే చోట "ని" వదిలేస్తే వాక్యం కుంటుతుంది. "కోపం ఆపుకున్నాడు" అనే వాక్యం మాత్రం బస్సు పక్షాన నిలుస్తుంది. అంటే ప్రత్యయాలు మనకు ప్రాణం, మనిషి, లింగం గురించి చెబుతాయి. మూర్తత గురించి కాదు. దాన్ని పట్టుకోవాలంటే క్రియ రూపాన్ని వదిలి క్రియ అర్థాన్ని చూడాలి.

ఒకే క్రియ, రెండు అర్థాలు

"కుర్చీ జరిగింది", "ప్రమాదం జరిగింది". రెండు వాక్యాల్లోనూ క్రియ ఒక్కటే. మొదటి వాక్యంలో కుర్చీ ఉన్న చోటు నుంచి కొంచెం పక్కకు వెళ్లింది. రెండో వాక్యంలో ఏదీ పక్కకు వెళ్లలేదు, ఒక ఘటన సంభవించింది. ఆ తేడా తెచ్చింది నామమే. చోటును ఆక్రమించే వస్తువైతే "జరుగు" అంటే కదలడం. ఘటన అయితే అదే మాటకు సంభవించడం అని అర్థం. తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ ఈ రెంటినీ తికమక పెట్టుకోరు. వ్యాకరణం చదవకముందే ఈ తేడా వాళ్లకు తెలుసు. పాఠం అక్కడి నుంచి మొదలైతే మంచిది.

"పోయింది" ఇంకా స్పష్టమైన పరీక్ష. "పెన్ను పోయింది" అంటే ఎదుటివాళ్లు "ఎక్కడ పోయింది? దొరికిందా?" అని అడుగుతారు. పెన్ను మన దగ్గర లేదు గానీ ఎక్కడో ఉంది. "నొప్పి పోయింది" అంటే "దొరికిందా?" అని ఎవరూ అడగరు. ఆ నొప్పి ఇంకెక్కడా ఉండదు, లేకుండా పోయింది, అంతే. పరువు, భయం, అలసట కూడా అలాగే పోతాయి. మనిషి విషయంలో మాత్రం "ఆయన పోయాడు" అంటే చనిపోవడం అనే మూడో అర్థం వచ్చిపడుతుంది కాబట్టి ఈ పరీక్షను వస్తువులకు, భావాలకు పరిమితం చేయాలి.

"వచ్చింది" కూడా ఇలాగే విడిపోతుంది. బస్సు వచ్చిందంటే "ఎక్కడి నుంచి?" అన్న ప్రశ్న పుడుతుంది. కోపం వచ్చిందంటే "ఎందుకు? ఎవరి మీద?" అన్న ప్రశ్న పుడుతుంది. "పడు" సంగతి చెప్పాలంటే, రాయి పడినప్పుడు కింద పడేది రాయే. "భయపడ్డాడు"లో భయం ఎక్కడా పడలేదు, మనిషి దాన్ని అనుభవించాడు. సిగ్గుపడు, బాధపడు, ఆశపడు, జాలిపడు అనే సమాసాలన్నీ అమూర్త నామాలతో ఏర్పడ్డవే. రాయిపడు, కుర్చీపడు అనే అనుభవ క్రియలు లేవు. "వేయు" కూడా ఈ కోవలోదే. "రాయి వేశాడు" అంటే ఎవరు వేశారో చెప్పగలం. "నాకు భయం వేసింది" అన్న వాక్యంలో వేసినవాడంటూ ఎవడూ లేడు.

ఇక "కలిగింది". సందేహం, ఆనందం, అనుమానం, బాధ, విసుగు కలుగుతాయి. కుర్చీ కలగదు, రాయి కలగదు. నేటి వాడుకలో ఈ క్రియ దాదాపుగా అమూర్త నామాలకే అంకితమైపోయింది. ఒక్క మినహాయింపును గుర్తుంచుకోవాలి. "వారికి కొడుకు కలిగాడు" అంటాం, అక్కడ అర్థం పుట్టడం. "నాలుగు కాళ్లు కలిగిన జంతువు"లో కనిపించే "కలిగిన" కూడా వేరే లెక్క. అది ఉన్న అనే అర్థాన్ని ఇస్తుంది కాబట్టి పరీక్షకు పనికిరాదు.

ఆకలి, చలి, నొప్పి ఎటు?

ఇప్పుడు ఆకలి దగ్గరకు వద్దాం. ఒంటికి తెలుస్తుంది కాబట్టి పంచేంద్రియాల పరీక్ష దాన్ని మూర్తం వైపు లాగుతుంది. వాక్యం ఇంకో మాట చెబుతుంది. ఆకలి వేసింది, దాహం వేసింది, చలి వేసింది. ఇవన్నీ భయం వేసింది, జాలి వేసింది అనే వరసలోవే. అనుభవించేవాడికి "కు" చేరుతుంది, చేసినవాడు ఉండడు. ఆకలి పోతే దొరకదు. కాబట్టి వ్యాకరణ ప్రవర్తనలో ఆకలి అమూర్తమే.

నొప్పి కొంచెం మొండి మాట. "నొప్పి ఎక్కడ?" అంటే "మోకాలిలో" అని చోటు చూపించవచ్చు. అయితే అక్కడ చూపించేది మోకాలిని, నొప్పిని కాదు. ఇద్దరు మనుషులు ఒకే వస్తువును వేలెత్తి చూపగలగాలి అన్న షరతు పెడితే కుర్చీ నెగ్గుతుంది, నొప్పి ఓడుతుంది. ఇంద్రియాల పరీక్షకు ఈ ఒక్క షరతు చేర్చినా సగం గందరగోళం తగ్గుతుంది. "తెలుస్తుందా?" అని కాక "ఇద్దరికీ ఒకేలా తెలుస్తుందా, చూపించగలరా?" అని అడగాలి. గాలి కనిపించకపోయినా ఇద్దరి ఒంటికీ తగులుతుంది. సూక్ష్మజీవిని సూక్ష్మదర్శినిలో ఇద్దరూ చూడగలరు. పరికరం సాయం తీసుకోవడం వల్ల వస్తువు అమూర్తమైపోదు.

చెమట విషయంలో పొరపాటు జరగడానికి వేరే కారణం ఉంది. "నాకు చెమట పట్టింది" అన్న వాక్యం "నాకు కోపం వచ్చింది" అన్నట్టే కనిపిస్తుంది. కానీ చెమటను తుడవవచ్చు, అది చొక్కాకు అంటుకుంటుంది. "నాకు" కనిపించగానే అమూర్తం అని రాసేస్తే తప్పవుతుంది. ఆ రూపం అనుభవించేవాణ్ణి చెబుతుంది, పక్కనున్న నామం ఏమిటో చెప్పదు.

వస్తువు, ఘటన, భావం

ఉరుము, వాన, పరుగు, పోటీ వంటి మాటలను రెండు గదుల్లో సర్దబోతే ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలిపోతుంది. బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ 1977లో ప్రతిపాదించిన మూడు అంతరువుల పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. మొదటి అంతరువులో మనుషులు, జంతువులు, వస్తువులు ఉంటాయి. ఇవి చోటులో "ఉంటాయి". రెండో అంతరువులో ఘటనలు, ప్రక్రియలు, స్థితులు ఉంటాయి. ఇవి కాలంలో "జరుగుతాయి" లేదా కొనసాగుతాయి. మూడో అంతరువులో ప్రతిపాదనలు, అభిప్రాయాలు ఉంటాయి. ఇవి "నిజం" కావచ్చు, "అబద్ధం" కావచ్చు. కుర్చీ నిజమా అబద్ధమా అని అడగం. ఆరోపణ గురించి అడుగుతాం.

ఘటనలను వస్తువుల నుంచి విడదీయడానికి తెలుగులో ఒక చక్కని పరీక్ష ఉంది. నామం ముందు కాలాన్ని చేర్చి చూడాలి. "పదేళ్ల చెట్టు" అంటే చెట్టు వయసు పదేళ్లు. "పదేళ్ల యుద్ధం" అంటే యుద్ధం సాగింది పదేళ్లు. ముందున్న మాట ఒకటే అయినా చెట్టుకు వయసునూ యుద్ధానికి వ్యవధినీ ఇచ్చింది. రెండు రోజుల వాన, మూడు గంటల ప్రయాణం, పదేళ్ల స్నేహం వ్యవధి వైపు వస్తాయి. రెండేళ్ల పిల్లాడు, వందేళ్ల వంతెన వయసు వైపు పోతాయి. "మూడు గంటల బస్సు" అన్నప్పుడు మాత్రం అది బయలుదేరే వేళ అవుతుంది. అందుకే పరీక్షకు గంటల కన్నా ఏళ్లు, రోజులు తీసుకోవడం మేలు.

చీకటి ఎటు అన్న ప్రశ్న మన తర్కశాస్త్రాల్లో పెద్ద వాదానికే దారి తీసింది. భాట్ట మీమాంస శాఖవాళ్లు చీకటిని ద్రవ్యం, అంటే విడిగా ఉండే పదార్థం, అన్నారు. న్యాయ వైశేషికులు వెలుతురు లేకపోవడమే చీకటి తప్ప అది వేరే పదార్థం కాదన్నారు. "చీకటి పడింది" అన్న వాక్యాన్ని చూస్తే, "ఎక్కడ నుంచి పడింది?" అన్న ప్రశ్నకు తావు లేదు. "చీకట్లో నడిచాడు" అన్నప్పుడు మాత్రం అది చోటులా ప్రవర్తిస్తుంది. నీడ, ఎండ కూడా అంతే. నీడలో కూర్చోవచ్చు, ఎండలో ఆరేయవచ్చు. ఇలాంటి వాటికి ఒక్క ముద్ర వేసి ఊరుకోవడం కన్నా, ఏ వాక్యంలో ఎలా ఉందో రాయడమే సరైన జవాబు.

పనే వస్తువుగా మారినప్పుడు

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. తనం, త్వం, త, రికం, డం వంటి ప్రత్యయాలు చివర ఉంటే అమూర్తం అని కంఠస్థం చేయిస్తారు. మంచితనం, మాతృత్వం, సమానత, పేదరికం వరకు ఇది పనిచేస్తుంది. "ప్రభుత్వం" దగ్గర తడబడుతుంది. "కట్టడం" దగ్గర పూర్తిగా కూలిపోతుంది.

"ఇల్లు త్వరగా కట్టడం కష్టం" అన్న వాక్యంలో కట్టడం ఒక పని. "పాత కట్టడం కూలిపోయింది" అన్న వాక్యంలో అదే మాట రాళ్లతో, గోడలతో నిలిచిన వస్తువు. రెంటినీ వేరు చేయడానికి మూడు గుర్తులున్నాయి. పనిని చెప్పేటప్పుడు దానికి కర్మ ఉంటుంది (ఇల్లు), క్రియావిశేషణం చేరుతుంది (త్వరగా), బహువచనం రాదు. వస్తువును చెప్పేటప్పుడు కర్మ ఉండదు, విశేషణం చేరుతుంది (పాత), బహువచనం వస్తుంది (కట్టడాలు). నిర్మాణం, అల్లిక, పూత, రాత వంటి మాటలన్నిటికీ ఈ జంట స్వభావం ఉంది. "గోడకు పూత పూర్తయింది" అంటే పని. "పూత పెచ్చులుగా ఊడింది" అంటే పదార్థం. "అతని రాత గుండ్రంగా ఉంది" అంటే కంటికి కనిపించే అక్షరాలు. "రాత బాగాలేదు" అంటే అక్షరాలూ కావచ్చు, నుదుటి రాతా కావచ్చు. అక్కడ పక్క వాక్యం చూడక తప్పదు.

బహువచనం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం ఇంకో సాధారణ దోషం. కష్టాలు, ఆశలు, నమ్మకాలు బహువచనాలే, అయినా అమూర్తాలే. లెక్కపెట్టేది విడివిడి సందర్భాలను. మరోవైపు ఇసుక, మట్టి, నూనె, బంగారం చేతికి తగిలే పదార్థాలే, అయినా మామూలుగా ఏకవచనంలోనే ఉంటాయి. "నూనెలు" అన్నామంటే నూనె రకాలు అని అర్థం. పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచన క్రియతో వస్తాయి. బియ్యం రూపంలో ఏకవచనంలా ఉన్నా "అయిపోయాయి" అంటుంది. లెక్కకూ మూర్తతకూ ముడి లేదని చెప్పడానికి ఈ ఒక్క గుంపు చాలు.

పదార్థాలను కొలవడానికి తెలుగులో పిడికెడు, దోసెడు, చెంబెడు, బుట్టెడు వంటి కొలతలున్నాయి. ఇవి మూర్త నామాలకే చెల్లుతాయని అనుకుంటే గంపెడాశ, పుట్టెడు దుఃఖం ఎదురొస్తాయి. పుట్టి ధాన్యం కొలత, ఇరవై తూములు. దుఃఖాన్ని ధాన్యంలా కొలిచినంత మాత్రాన దుఃఖం మూర్తం కాలేదు. కొలత మూర్తం, కొలవబడింది అమూర్తం. నుడికారంలోని మాటను విడగొట్టి పరీక్షిస్తే ఎప్పుడూ తప్పుడు ఫలితమే వస్తుంది.

ఒక వైపే పనిచేసే పరీక్షలు

"తో"ను "గా"తో మార్చి చూడటం ఒక మంచి ఉపాయం. "కోపంతో కొట్టాడు" అన్నదాన్ని "కోపంగా కొట్టాడు" అన్నా అర్థం దాదాపు నిలుస్తుంది. "సుత్తితో కొట్టాడు"ను "సుత్తిగా కొట్టాడు" అని మార్చలేం. మూర్త నామానికి "గా" చేరితే రూపమో హోదానో వస్తుంది: రాయిగా మారింది, గురువుగా పనిచేశాడు. మార్పిడి కుదిరితే ఆ నామం అమూర్తం అని ధైర్యంగా చెప్పవచ్చు. కుదరకపోతే మాత్రం మూర్తం అని చెప్పకూడదు. "జ్ఞానంతో" అంటాం గానీ "జ్ఞానంగా" అనం.

"దగ్గర" కూడా ఇలాగే ఒక వైపే నమ్మదగినది. "నా దగ్గర పెన్ను ఉంది", "నాకు ఓపిక ఉంది" అన్న జంట చూసి, దగ్గర అంటే మూర్తం, కు అంటే అమూర్తం అని సూత్రం అల్లేస్తారు. అయితే ఇల్లు, కొడుకులు, కళ్లు "నాకు" ఉంటాయి. సమాచారం, ఆధారం, జవాబు "నా దగ్గర" ఉంటాయి. నిజానికి ఈ జంట చెప్పేది చేతులు మారే దాని గురించి. ఒకరి నుంచి ఇంకొకరికి ఇవ్వగలిగేది "దగ్గర" ఉంటుంది.

ఇక్కడే ఫైలు, పాస్‌వర్డ్, యాప్ లాంటి మాటలకు జవాబు దొరుకుతుంది. ఫైలు పోయింది అంటే "దొరికిందా?" అని అడుగుతాం. ఎక్కడ పెట్టావు, ఎవరికి పంపావు అనీ అడుగుతాం. వాక్యంలో దాని నడత అంతా వస్తువుదే. కాబట్టి వ్యాకరణ దృష్టితో ఫైలును మూర్తంగా లెక్కించడమే సబబు. పాస్‌వర్డ్ అలా కాదు. దాన్ని ఇచ్చాక కూడా ఇచ్చినవాడి దగ్గర ఉంటుంది, మర్చిపోతే పోతుంది. అది సమాచారం పక్షం. రాక్షసుడు, దయ్యం విషయంలో ఉనికి ప్రశ్నను వ్యాకరణం పట్టించుకోదు. కథలో రాక్షసుడు వస్తాడు, కూర్చుంటాడు, నలుగురు రాక్షసులు పోట్లాడుకుంటారు. ఒళ్లున్నట్టు ఊహించిన ప్రతిదీ మూర్తంగానే నడుస్తుంది.

ఈ మధ్యస్థ మాటల ఉనికిని మనస్తత్వ పరిశోధన కూడా బలపరుస్తుంది. 1968లో అలన్ పైవియో బృందం 925 ఇంగ్లీషు నామాలకు 7 మెట్ల కొలబద్ద మీద మూర్తత విలువలు సేకరించింది. 2014లో మార్క్ బ్రైస్‌బార్ట్ బృందం 4,000 మందికి పైగా జనంతో దాదాపు 40,000 ఇంగ్లీషు పదాలకు 5 మెట్ల మీద విలువలు కట్టించింది. విలువలు రెండు కొసల వైపు ఎక్కువగా పోగుపడినా, మధ్య మెట్ల మీద కూడా చాలా మాటలు నిలిచాయి. మూర్త పదాలు అమూర్త పదాల కన్నా తేలిగ్గా గుర్తుంటాయని కూడా ఇలాంటి ప్రయోగాల్లో పదే పదే తేలింది. మాటతో పాటు బొమ్మ కూడా మనసులో నిలవడమే కారణమని పైవియో వాదన.

ఒక పేరా మీద ప్రయోగం

కింది వాక్యాల్లో నామాలను గుర్తించే పని పెట్టుకుందాం. "వాన వెలిశాక బడి గంట మోగింది. పిల్లల్లో ఉత్సాహం పెరిగింది. గుంపు గేటు వైపు పరుగు తీసింది. గంట గడిచేసరికి ఆవరణలో నిశ్శబ్దం మిగిలింది."

పిల్లలు, గేటు, ఆవరణ గురించి ఆలోచించాల్సింది లేదు. గుంపు సమూహ నామం, అయినా మూర్తమే, ఎందుకంటే అది కదిలింది, దాన్ని చూపించవచ్చు. సమూహం, జాతి, సంజ్ఞ అనేవి వేరే కోణంలో చేసిన విభజనలు. మూర్తతతో పోటీ పడవు, ఒకే మాట రెండు పేర్లూ మోయవచ్చు. ఉత్సాహం పెరిగింది, "ఉత్సాహంగా" అనవచ్చు కాబట్టి అమూర్తం. వాన ఇక్కడ "వెలిసింది", అంటే ఆగింది. ఆగేది ఘటన కాబట్టి రెండో అంతరువు. "ఒంటి మీద వాన పడింది" అని ఉంటే నీటి బొట్లు అయ్యేది. పరుగు ఘటన. ఎవరూ దేన్నీ బయటకు తీయలేదు కాబట్టి "తీసింది"ని దానితో కలిపి ఒకే క్రియగా చదవాలి.

"వైపు"ను నామంగా గుర్తించి ఇబ్బంది పడేవాళ్లుంటారు. ఇక్కడ అది విభక్తిలా పనిచేస్తోంది, వదిలేయాలి. బడి ఈ వాక్యంలో గంటకు విశేషణం. అదే "బడి కూలింది"లో భవనం, "రేపు బడి లేదు"లో తరగతులు. రెండో దాంట్లో భవనం ఎక్కడికీ పోలేదు. గంట రెండుసార్లు వచ్చింది. మోగింది లోహపు గంట, గడిచింది అరవై నిమిషాలు. విడి మాటగా అడిగితే దేనికీ జవాబు లేదు, రెండు క్రియలూ చెరో జవాబు ఇచ్చాయి.

నిశ్శబ్దం చెవికి సంబంధించిందే గానీ చెవికి తెలిసే వస్తువు కాదు, శబ్దం లేకపోవడం. "నిశ్శబ్దంగా" అనడం కుదురుతుంది. పది నిమిషాల నిశ్శబ్దం అంటే వ్యవధి, వయసు కాదు. "మిగిలింది" అన్న క్రియ మాత్రం వస్తువులకూ చెల్లుతుంది కాబట్టి అది సాక్ష్యంగా పనికిరాదు. మిగతా రెండు ఆధారాలతో దీన్ని అమూర్త స్థితిగా రాసి, ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చామో పక్కన ఒక వాక్యం చేర్చితే జవాబు పూర్తవుతుంది.